శ్రావణంలో కాన్పు, లంకలో కాపురం

చి.ల.సౌ. మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నీకు ఐదో నెల అని మీ అమ్మ చెప్పగానే వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. శ్రావణంలో నెలలు నిండుతాయి. గోదావరి ఒడ్డులు ఒరుసుకుని పారే రోజులవి. నువ్వేమో ఏటి మధ్య లంకలో, మీ ఆయనేమో కువైట్‌లో. ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తగా, ఈ కోనసీమ రేవులన్నీ తిరిగినదాన్ని కనుక నాకు నిద్ర పట్టడం లేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

నేను చూసిన కష్టమైన కాన్పుల్లో చాలావాటికి ఇంట్లో జరిగిన ఆలస్యమే చేటు చేసింది. పిల్ల మంచం మీద నొప్పులు పడుతూ ఉంటుంది. అత్తగారు కొడుక్కి ఫోను చేస్తే డ్యూటీలో ఉండి ఎత్తడు. మామగారు చెరువు దగ్గర ఉంటాడు. "వాడితో ఒక మాట చెప్పి బయలుదేరదాం" అని గంట, "తెల్లవారనివ్వండి" అని మరో మూడు గంటలు. అందరూ ఆమె మంచి కోరేవాళ్లే. ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

అందుకే ఆ అడగడాలన్నీ ఇప్పుడే పూర్తి చెయ్యి. మీ ఆయన ఈసారి ఫోను చేసినప్పుడు అత్తగారి ఎదుటే తేల్చుకో. ఏ ఆసుపత్రి, తోడు ఎవరు, అర్ధరాత్రయితే పడవ ఎవరిది? 108 బండి రేవు దాకానే వస్తుంది, ఏటికి అవతల నిలబడమని చెప్పి పడవెక్కాలి. "నాకు తేడాగా అనిపిస్తే ముందు బయలుదేరతాను, తర్వాత మీకు ఫోను చేస్తాను" అని చెప్పి, అతని నోటితోనే సరే అనిపించు. అత్తగారిని ఎదిరించమనడం లేదు. పరీక్షకు వెళ్లేటప్పుడు ఆవిడను వెంట తీసుకెళ్లు. డాక్టరు నోట స్వయంగా విన్నదైతే ఆవిడే నీ తరఫున నలుగురికీ చెబుతుంది.

నీకు పద్దెనిమిది ఎప్పుడో నిండాయి. నీ వైద్యానికి నీ సంతకం చాలు. భర్త సంతకం కోసం ఎవరైనా ఆపితే ఆ మాట గట్టిగా చెప్పు.

మాతృ వందన యోజనలో పేరు నమోదైతే తొలి కాన్పుకు వచ్చే 5,000 రూపాయలు నీ ఖాతాలోనే పడతాయి. పాసుబుక్కు నీ దగ్గరే ఉంచుకో. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, భోజనం 2011 నుంచి ఉచితం. అయినా పడవకూ ఆటోకూ కొంత డబ్బు, ఎవరినీ బీరువా తాళం అడగనక్కర్లేని చోట పెట్టుకో.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది, మానవద్దు. బీపీ 140/90కి చేరిందంటే జాగ్రత్త పడాలి. పాదాలకు కాస్త నీరు పట్టడం మామూలే కావచ్చు. ముఖమూ చేతులూ ఉబ్బి, తల పగిలిపోతూ, కళ్లు మసకలు కమ్మితే మాత్రం క్షణం ఆగకు. గుర్రపువాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, అలాగే ముంచుకొస్తుంది. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే.

ఐరన్ మాత్రలు 180 ఇస్తారు. ఎన్నో ఇళ్లలో అవి అట్టలు విప్పకుండానే గూట్లో కనిపించేవి. విరేచనం నల్లగా అవుతోందని, వికారంగా ఉందని మానేస్తారు. నలుపు ఐరన్ వల్లే, భయం లేదు. రాత్రి భోజనమయ్యాక నిమ్మరసంతో వేసుకో. టీతోగానీ, క్యాల్షియం మాత్రతోగానీ కలిపి వేసుకోకు. హిమోగ్లోబిన్ 11కి తగ్గితే రక్తహీనత కిందే లెక్క. కాన్పులో రక్తం పోయినప్పుడు ఒంట్లో నిలవ ఉన్నదే కాపాడుతుంది.

మంచి ముహూర్తం చూసి ఆపరేషను చేయిద్దామని మీ ఇంట్లో అన్నారట. ఆ ఒక్క విషయంలో ఒప్పుకోకు. ఆపరేషను అవసరమో కాదో డాక్టరు చెప్పాలి.

ఇక వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. దాని కోసం చూస్తూ కూర్చోకు, లంకల కాజ్‌వేలు చాలాచోట్ల అంతకుముందే మునుగుతాయి. 2022లో జూలైలోనే మూడో హెచ్చరిక దాటింది. ఏడో నెలలో సీమంతం చేయించుకుని జూన్‌లోనే పుట్టింటికి వచ్చెయ్యి. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారమే కనుక ఎవరూ కాదనలేరు. తొమ్మిదో నెలలో పంపుతామంటే మాత్రం తల ఊపకు.

వచ్చే 9న పరీక్ష అయ్యాక కార్డులో బీపీ, హిమోగ్లోబిన్ రాసిన పేజీ ఫోటో తీసి నాకు పంపు. అత్తగారికి నా నమస్కారాలు. ఈ ఉత్తరం ఆవిడకు కూడా చదివి వినిపించు.

నీ మేనత్త