రాత్రి ముహూర్తం ఫొటోల్లో నాయిస్: తీయాల్సింది, ఉంచాల్సింది

విజయవాడ

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన మంగళగిరి పెళ్లి ఫొటోలు చూశాను. ఫ్రేములు బాగా కుదిరాయి. నాయిస్, అంటే తక్కువ వెలుగులో ఫొటోలో పడే చుక్కలు, మచ్చలు, తీయడంలోనే చెయ్యి దాటింది. పెళ్లికూతురి బుగ్గలు మైనం పూసినట్టున్నాయి. చీర అంచులో జరీ గీతలన్నీ కలిసిపోయి ఒక పసుపు పట్టీ మిగిలింది. జడలో మాత్రం ఆకుపచ్చ, ఊదా మచ్చలు అలాగే ఉన్నాయి. తీయాల్సింది వదిలేసి, ఉంచాల్సింది తుడిచేశావు.

ఆ రంగు మచ్చలు కలర్ నాయిస్. వాటిని పూర్తిగా తీసేయ్. సన్నటి ఇసుక చల్లినట్టు కనిపించేది లుమినెన్స్ నాయిస్. దాన్ని సగం తగ్గించి ఆపు. నేత పోగులు, కనురెప్పల వెంట్రుకలు, చర్మం మీది గరుకు కూడా ఆ ఇసుకంత సైజులోనే ఉంటాయి. స్లైడర్‌కి ఆ తేడా తెలీదు, అన్నిటినీ కలిపి చదును చేసేస్తుంది.

ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్‌లో ముందు వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఎక్స్‌పోజర్ (వెలుగు) సరిచేసుకో. అవి మారితే నాయిస్ కూడా మారుతుంది. మండపంలో పసుపు బల్బుల వెలుగులో నీలం చాలా తక్కువ. పసుపుదనం పోవాలని టెంపరేచర్ బాగా కిందికి లాగితే నీలం ఛానెల్‌ని సాఫ్ట్‌వేర్ పెంచాల్సి వస్తుంది, అందులోని నాయిస్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. కాబట్టి ముఖాల మీద కొంచెం పసుపు ఉండనివ్వు. పెళ్లి ఫొటోకి అది అందమే.

ఇప్పుడు 100 శాతం జూమ్ పెట్టి జడ దగ్గరికి వెళ్లు. కలర్ స్లైడర్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచు. రా ఫైల్‌కి, అంటే కెమెరా మార్చకుండా దాచిన అసలు ఫైల్‌కి, అది మామూలుగా 25 దగ్గర ఉంటుంది. 30, 40 మధ్యలో మచ్చలు పోతాయి. మరీ ఎక్కువ పెంచితే కుంకుమ ఎరుపు అంచులు దాటి పాకుతుంది, చిన్న చిన్న రంగులు వెలిసిపోతాయి. తర్వాత లుమినెన్స్ 15 నుంచి 25. దాని కిందున్న డీటెయిల్‌ని 50 నుంచి 60కి జరిపితే జరీ గీత నిలుస్తుంది. ఇంకా పెంచుకుంటూ పోతే చుక్కలు మళ్లీ తేలతాయి.

షార్పెనింగ్ చివర్లో చెయ్యి. మాస్కింగ్ సున్నాలో వదిలేస్తే నువ్వు పదును పెట్టేది నాయిస్‌కే. ఆల్ట్ కీ నొక్కిపట్టి మాస్కింగ్ లాగు, ఫొటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది. బుగ్గలు నల్లబడి, కళ్లు, నగలు, చీర అంచు తెల్లగా మిగిలిన చోట ఆపేయ్. తెల్లగా ఉన్నచోటే పదును పడుతుంది.

లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన, నాయిస్‌ని తనే తీసే ఏఐ డీనాయిస్ మంచిదే, కాకపోతే జేపెగ్ (కుదించిన మామూలు ఫొటో ఫైల్) మీద పనిచేయదు, రా ఫైల్ కావాలి. మాస్కులు (కొంత భాగాన్నే ఎంచి మార్చడం), మచ్చలు తీసే పనులకంటే ముందే దాన్ని నడుపు. 50 దగ్గర మొదలవుతుంది, ముఖాలున్న ఫొటోకి 30, 40 చాలు. అది నడిచాక మళ్లీ లుమినెన్స్ పెంచకు. వెనక వరసలో కూర్చున్నవాళ్ల కళ్లు, పళ్లు ఒకసారి జూమ్ చేసి చూడు. చిన్న ముఖాల్లో లేని గీతలు ఒక్కోసారి పుట్టిస్తుంది.

చీకటిగా తీసి ఎడిటింగ్‌లో ఎక్స్‌పోజర్ +2 లాగడం మానుకో. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి) 3200లో అలా తీసేకంటే 12800లో సరైన వెలుగుతో తీసిందే మేలు, చాలా కెమెరాల్లో నీడలు కాస్త శుభ్రంగా ఉంటాయి.

ప్రకాశం బ్యారేజీ లైట్ల ఫొటో అడిగావు, దానికి దారి వేరు. ట్రైపాడ్ మీద కదపకుండా ఒకే సెట్టింగ్‌తో 16 ఫొటోలు తియ్యి. ఫొటోషాప్‌లో స్క్రిప్ట్స్ కింద లోడ్ ఫైల్స్ ఇంటూ స్టాక్‌తో అన్నిటినీ ఒకే స్మార్ట్ ఆబ్జెక్ట్ (అన్ని ఫొటోలూ కలిసిన ఒక లేయర్) చేసి, స్టాక్ మోడ్‌లో మీన్ (సగటు) పెట్టు. నాయిస్ నాలుగో వంతుకి పడిపోతుంది, గేట్ల అంచులు చెక్కుచెదరవు. నాలుగే తీస్తే సగానికి తగ్గుతుంది. బ్యారేజీ మీద బండ్లు కనపడకూడదంటే మీన్ బదులు మీడియన్ (మధ్య విలువ) పెట్టు. కృష్ణ నీళ్లు మాత్రం నునుపుగా వస్తాయి, అలలు కావాలంటే ఒక్క ఫొటోలోంచి ఆ భాగం తెచ్చి అతికించాలి.

పెళ్లి రా ఫైళ్లు ఉన్నాయిగా, రీసెట్ కొట్టి మళ్లీ మొదలుపెట్టు. కరిజ్మా ఆల్బమ్‌లో పేజీ నిండా వచ్చే ఫొటోలు ముందు చెయ్యి. 4×6 ప్రింట్లకి అంత కష్టం అక్కర్లేదు, కుదించేసరికే నాయిస్ చాలావరకు కలిసిపోతుంది. అయ్యాక రెండు నాకు పంపు, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పెట్టు. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, జడలో ఏముందో నాకు కనపడదు.

నీ బాబాయి