‘రద్దు చేయబడును’ సరే, చేసేదెవరు?

సందేహం: మాది డీఏఓ (డీసెంట్రలైజ్డ్ అటానమస్ ఆర్గనైజేషన్), అంటే సభ్యుల ఓటుతో, బ్లాక్‌చెయిన్ మీద నడిచే సంస్థ. తెలుగు సభ్యుల కోసం పనుల పంపకం నియమాలను ‘వికేంద్రీకృత స్వయంప్రతిపత్త సంస్థ నియమావళి’ అన్న పేరుతో రాస్తున్నాం. అందులో ఇలా ఉంది: ‘ఖజానా పాత్ర సభ్యునికి కేటాయించబడును. ఆరు నెలల అనంతరం పాత్ర రద్దు చేయబడును. చెల్లింపులు 5 సభ్యులలో 3 సభ్యులచే ఆమోదించబడును.’ ఇక్కడ ‘పాత్ర’ సరైన మాటేనా? ‘జవాబ్దారీ’ అనాలని మాలో ఒకరి వాదన.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: ‘పాత్ర’ తప్పని అనను గానీ ఇక్కడ అతకలేదు. ‘ఉద్యమంలో కీలక పాత్ర పోషించారు’ అంటే బాగుంటుంది. ‘పాత్ర ఇచ్చారు’, ‘పాత్ర నుంచి తప్పించారు’ అంటే మనసు సినిమా మీదికి పోతుంది. ‘బాధ్యత’ అనండి. ‘జవాబ్దారీ’ మీ ఊళ్లో కన్నడం సావాసంతో వచ్చింది. అక్కడ దానికి బాధ్యత అనే అర్థం. తెలుగులో ‘జవాబుదారీ’ అంటే అడిగితే సమాధానం చెప్పుకోవలసినవారు. ఖజానా చూసుకోవడం బాధ్యత, ఆ లెక్కలకు సభ్యులందరికీ జవాబుదారీ. మీ నియమావళిలో రెండింటికీ చోటుండాలి.

అసలు చిక్కు క్రియల్లో ఉంది. మూడు వాక్యాల్లోనూ ‘బడు’ చేరింది, మొదటి రెండింట్లో కర్తను మింగేసింది. మామూలు వ్యాసంలోనైతే పంటికింద రాయి అని ఊరుకోవచ్చు, డీఏఓలో మాత్రం డబ్బుకే ఎసరు. అధికారం బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఉమ్మడి డిజిటల్ చిట్టాలో, ఒక చిరునామా (ఖాతా సంఖ్య లాంటిది) పేర రాసి ఉంటుంది. ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో నడిచే ప్రోగ్రాములను కాంట్రాక్టులంటారు. వాటిలో విరివిగా వాడే రెడీమేడ్ కోడ్ ఓపెన్‌జెపెలిన్ యాక్సెస్ కంట్రోల్‌లో రోల్‌కు (మీరు ‘పాత్ర’ అన్నదానికి) గడువు పెట్టే ఏర్పాటు లేదు. ఆరు నెలలు దాటినా, ఎవరో ఒకరు లావాదేవీ పంపి తీసేసేదాకా ఆ చిరునామా చెల్లుతూనే ఉంటుంది. ‘చేయబడును’ అని చదివినవారంతా ఇంకెవరో చేస్తారులే అనుకుంటారు. మనిషి వెళ్లిపోతాడు, అధికారం అతని దగ్గరే ఉండిపోతుంది.

పైగా ‘రద్దు’ కూడా సరికాదు. ఆ బాధ్యతే లేకుండా చేస్తే రద్దు. మనిషి మారితే రద్దయ్యేదేమీ లేదు.

ఆ యాక్సెస్ కంట్రోల్‌లో గ్రాంట్, రివోక్, రినౌన్స్ అని మూడు పనులున్నాయి. వాటికి అప్పగించు, తప్పించు, తప్పుకొను చక్కగా సరిపోతాయి. చివరి రెండింటికీ మూలం ఒకటే. ‘ఇంచు’ చేరితే ఎదుటివారిని పక్కకు పెట్టడం, ‘కొను’ చేరితే తనంతట తాను పక్కకు జరగడం. కాంట్రాక్టులోనూ అంతే: తప్పించే హక్కు ఆ రోల్‌కు అడ్మిన్ అయినవారిది, తప్పుకోవడం మాత్రం ఎవరికి వారే చేయాలి. ఉన్న ఒక్క అడ్మినూ తప్పుకుంటే కొత్తగా అప్పగించే దిక్కుండదు. కాబట్టి ‘అడ్మిన్ తప్పుకొనేముందు ఆ అధికారం మరొకరికి అప్పగించాలి’ అని చేర్చండి. అన్నట్టు, బాధ్యత ‘నుంచి’ తప్పుకుంటాం, పదవి‘కి’ రాజీనామా చేస్తాం. పత్రికలు కూడా ఈ మధ్య ఈ రెండింటినీ కలగలిపేస్తున్నాయి.

‘3 సభ్యులు’ తెలుగు కాదు, ‘ముగ్గురు సభ్యులు’ అనాలి. ఈ తేడా మీకు అక్కరకొస్తుంది. సేఫ్ లాంటి బహుసంతకాల వాలెట్ (ఇన్ని సంతకాలు పడితేనే డబ్బు కదిలే డిజిటల్ ఖజానా) లెక్కపెట్టేది చిరునామాలను. ఒకరి చేతిలో రెండు చిరునామాల ప్రైవేట్ కీలు (సంతకం పెట్టే రహస్య సంకేతాలు) ఉంటే ఇద్దరే కలిసి మూడు సంతకాలు పూర్తి చేసేయొచ్చు. ‘మూడు సంతకాలు’ అని రాస్తే ఆ పని నియమబద్ధమే. ‘ముగ్గురు’ అని రాస్తే ఉల్లంఘన. యంత్రానికి తెలియని ఈ తేడా నియమంలోనైనా ఉండాలి.

వాక్యాలను ఇలా మార్చండి: ‘సభ్యులు ఓటు వేసి ఖజానా బాధ్యతను ఒకరికి ఆరు నెలలపాటు అప్పగిస్తారు. గడువు ముగిసిన రోజే అడ్మిన్ ఆ చిరునామాకున్న అధికారాన్ని తీసేయాలి. ఐదుగురిలో కనీసం ముగ్గురు సంతకం చేస్తేనే చెల్లింపు వెళ్తుంది. ఒక్కొక్కరి దగ్గర సంతకానికి ఒక్క కీ మాత్రమే ఉండాలి.’

ఇక మీ శీర్షిక. ‘ప్రతిపత్తి’ నామవాచకం, దాన్ని ‘ప్రతిపత్త’ అని విశేషణం చేయడానికి వ్యాకరణం ఒప్పుకోదు. ‘స్వయంప్రతిపత్తి గల వికేంద్రీకృత సంస్థ’ అనండి. లోపలి పేజీల్లో డీఏఓ అంటే చాలు.