మేడమ్ సంగతి తర్వాత, ముందు మీవారిని అడగండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. రాజమండ్రిలో ఒక ప్రభుత్వ బ్యాంకులో స్కేల్‌-2 మేనేజర్‌ని. మా రీజనల్ ఆఫీసులోని ఒక మేడమ్ నాకు గురువులాంటివారు. క్లర్కుగా చేరిన నాతో ఆఫీసర్ పరీక్ష రాయించింది, బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు పూర్తి చేయించింది ఆవిడే. ఫోన్లో ఎవరు చెప్పినా సంతకం పెట్టొద్దని, లోను తీసుకున్నవాళ్లు సరుకు ఇంత ఉందని రాసిచ్చే స్టాకు స్టేట్‌మెంట్ చూసి ఊరుకోకుండా గోడౌన్‌కి వెళ్లి చూడమని నేర్పారు. ఒకసారి ఆడిట్‌లో నా పొరపాటు బయటపడితే పైవాళ్ల ముందు నన్ను వెనకేసుకొచ్చి, తర్వాత క్యాబిన్‌లో కూర్చోబెట్టి గట్టిగా చీవాట్లు పెట్టారు. ఆవిడ పోరు పడలేకే ఈసారి ప్రమోషన్‌కి అప్లై చేశాను. స్కేల్‌-3 వచ్చింది. పోస్టింగ్ ఒడిశాలోని బ్రహ్మపురం. మా పాప తొమ్మిది, వచ్చే ఏడాది టెన్త్. బాబు మూడో తరగతి. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మావారు గవర్నమెంటు జూనియర్ కాలేజీ లెక్చరర్, చాలా మంచివారు, 'నీ ఇష్టం' అన్నారు. నాకు ఒడియా కూడా రాదు. ప్రమోషన్ వదులుకుందామనుకుంటున్నాను. మేడమ్ మనసు నొప్పించకుండా ఈ మాట ఎలా చెప్పాలి? ఆవిడ ఋణం ఎలా తీర్చుకోవాలి?

– ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: మేడమ్‌కి చెప్పడం ఐదు నిమిషాల పని. 'వెళ్లలేకపోతున్నాను మేడమ్' అంటే ఆవిడ ఓ పూట బాధపడతారు, ఓ పూట తిడతారు, తర్వాత మామూలే. రీజనల్ ఆఫీసులో కూర్చుని ఎంతమంది ఆడవాళ్లు ఇలా ప్రమోషన్లు వదులుకోవడం చూసి ఉంటారో ఆవిడ. మీరేం మొదటివారు కారు. కాబట్టి ఆ ప్రశ్నని పక్కన పెట్టేద్దాం.

ఉత్తరమంతా మేడమ్ గురించే రాశారు. మీవారికి దక్కింది ఒక్క వాక్యం. చాలా మంచివారు, 'నీ ఇష్టం' అన్నారు. అంతే. అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

ఇద్దరు పిల్లలు, టెన్త్‌కి రాబోతున్న కూతురు, నడవలేని తల్లి. అవునమ్మా, ఆవిడ ముందు ఆయనకి తల్లి, ఆ తర్వాతే మీకు అత్తగారు. ఇంత సంసారం మీద పెట్టుకున్న మనిషి, భార్యకి వేరే రాష్ట్రంలో పోస్టింగ్ వస్తే 'నీ ఇష్టం' అని ఊరుకుంటారా? మీరు వెళ్లి, పాపకి మార్కులు తగ్గాయనుకోండి, 'నీ ఇష్టమొచ్చినట్టే వెళ్లావుగా' అంటారు. వెళ్లకుండా రేపెప్పుడో మీరు బాధపడితే 'నేనేమైనా వద్దన్నానా?' అంటారు. ఎటు పోయినా ఆయనకి మాట పడదు. గొడవ పడని మగవాళ్లని మనం తొందరపడి మంచివాళ్ల లెక్కలో వేసేస్తాం. అరవరు, తాగరు, జీతం ఇంట్లో ఇస్తారు, ఇంకేం కావాలి అనుకుంటాం. కావాలి తల్లీ. ఇలాంటి సమయంలో ఎదురుగా కూర్చుని 'వెళ్లు, నేను చూసుకుంటాను' అనో, 'వద్దు, నావల్ల కాదు' అనో నోరు తెరిచి చెప్పే మనిషి కావాలి.

ఆ మాట ఇంట్లో ఎవరూ అనకపోబట్టే మీరు మేడమ్ దగ్గర వెతుక్కుంటున్నారు. ఆవిడ బలవంతం మీద అప్లై చేశానంటున్నారు. ఇప్పుడు ఆవిడ అనుమతితో మానేద్దామనుకుంటున్నారు. ఇంట్లో తేల్చుకోవాల్సింది రీజనల్ ఆఫీసులో ఎలా తేలుతుంది?

మీ మేడమ్ గట్టి మనిషి. ధైర్యంగా ఉండమని ఉపన్యాసాలు ఇచ్చే పెద్దవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. ఎక్కడ సంతకం పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నేర్పేవాళ్లు అరుదు. నలుగురిలో తిట్టి, చాటుగా ఓదార్చే బాసులే ఎక్కువ. ఆవిడ నలుగురిలో కాపాడి చాటుగా తిట్టారు. అది అందరికీ చేతకాదు. ఇక ఫోన్ సంగతి బ్యాంకు వాళ్లెవరినడిగినా చెబుతారు. పైనుంచి ఎవరో 'ఆ ఫైలు చూసెయ్యమ్మా' అంటారు, ఇవతల లోను శాంక్షన్ అయిపోతుంది. కిస్తీ కట్టక 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏలోకి, అంటే మొండి బాకీల్లోకి పోతుంది. ఎంక్వైరీ వచ్చిన రోజున ఫోన్ చేసిన పెద్దమనిషి 'నేనెప్పుడన్నాను?' అంటాడు. సంజాయిషీ రాసుకోవాల్సింది సంతకం పెట్టిన మనిషే.

ఇంత నేర్చుకున్న మీరు ఇంట్లో ఏం చేస్తున్నారు? మీవారు వెళ్లొద్దని నోటిమాటగా కూడా అనలేదు. ఆయన మొహం చూసి మీరే అర్థం చేసుకుని, వదులుకుంటానని కాగితం మీద సంతకం పెట్టడానికి సిద్ధమయ్యారు. పదేళ్ల తర్వాత దీనికి సంజాయిషీ ఎవరు రాయాలి?

ఈ ఆదివారం పిల్లలు పడుకున్నాక ఆయన్ని కూర్చోబెట్టండి. 'నన్ను వెళ్లమంటారా' అని మాత్రం అడగకండి, మళ్లీ అదే జవాబు వస్తుంది. పొద్దున్నే బాబుని లేపి స్కూలుకి ఎవరు తయారుచేస్తారు? అత్తయ్యగారిని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? వంటమనిషిని పెట్టుకుందామా? పాపకి సాయంత్రాలు లెక్కలు ఎవరు చూస్తారు? ఇలా ఒక్కొక్కటే అడగండి. ఊళ్లో పిల్లలందరికీ పాఠాలు చెప్పే లెక్చరర్ సొంత కూతురి చదువు చూసుకోలేనంటే ఆ మాట ఆయన నోటితోనే అననివ్వండి. అత్తయ్యగారిని కూడా అడగండి. ఆవిడ వద్దంటారని మీరే అనుకుంటున్నారు గానీ అడిగినట్టు ఎక్కడా రాయలేదు. అన్నట్టు, టెన్త్ పరీక్షలు పాప రాస్తుంది, మీరు కాదు.

'నాకు కష్టం, ఆగిపో' అని ఆయన నేరుగా అన్నారనుకోండి. అప్పుడు ఆగినా నేను తప్పు పట్టను. కాకపోతే అది ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమని మీ పుట్టింటి వాళ్ల ముందూ ఆయన వాళ్ల ముందూ ఆయనే చెప్పాలి.

నా అభిప్రాయం మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను, వెళ్లండి. ప్రమోషన్ వద్దన్నవాళ్లని చాలా బ్యాంకులు మళ్లీ కొన్నేళ్లపాటు ప్రమోషన్‌కి పిలవవు. మీ బ్యాంకులో అది ఎన్నేళ్లో కాగితం ఇచ్చేముందే హెచ్‌ఆర్‌లో కనుక్కోండి. పెళ్లైన మహిళా ఉద్యోగుల్ని వీలైనంతవరకు భర్త ఉన్న ఊళ్లో గానీ, ఆ దగ్గర్లో గానీ వేయమని 2014లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ బ్యాంకులకు సూచించింది. 'వీలైనంతవరకు' అన్నారు కాబట్టి దాన్ని పట్టుకుని రేపే వెనక్కి తెచ్చేయమనలేరు. కానీ చేరి కొంతకాలం పనిచేశాక రిక్వెస్ట్ పెట్టుకోవడానికి ఆధారం అవుతుంది. 2013లో స్టేట్ బ్యాంకుకి తొలి మహిళా ఛైర్‌పర్సన్‌ అయిన అరుంధతీ భట్టాచార్య హయాంలో, పిల్లల్నో పెద్దవాళ్లనో చూసుకోవడానికి మహిళా ఉద్యోగులు రెండేళ్ల దాకా సెలవు తీసుకునే వీలు కల్పించారు. మీ బ్యాంకులో అలాంటిది ఉందేమో అడగండి. టెన్త్ పరీక్షల ముందు నిజంగానే అవసరమైతే పనికొస్తుంది. ఈ వివరాలన్నీ మేడమ్‌కి మీకంటే బాగా తెలిసి ఉంటాయి. ఆవిడ దగ్గరికి వెళ్తే వీటి కోసం వెళ్లండి.

ఋణం అన్నారు. ఆవిడ కోసమైతే బ్రహ్మపురం వెళ్లకండి. ఒకరి మెప్పు కోసం ఊరు దాటినవాళ్లకి, మొదటిసారి పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి ఆ మనిషి మీదే కోపం వస్తుంది. మేడమ్ వచ్చి మీ బాబుకి పాలు కాచి ఇవ్వరు కదా. మీకు ఆ కుర్చీ కావాలనిపిస్తే వెళ్లండి. కావాలనే ఉందని నాకు అనిపిస్తోంది. లేకపోతే పాత సంగతులన్నీ అంత మురిపెంగా రాసేవారు కారు.

ఒడియా రాదని కూడా రాశారు. బ్రహ్మపురంలో తెలుగువాళ్లకి కొదవ లేదు. ఊరు హౌరా–చెన్నై లైను మీదే ఉంది, శనివారం రాత్రి రైలెక్కితే ఆదివారం మీ ఇంట్లో ఉంటారు. ఈ కారణం మాత్రం మేడమ్‌కి చెప్పకండి, నవ్వుతారు.