అమ్మడూ, సర్టిఫికెట్ అద్దెకివ్వకు

అమ్మడూ,

సోలార్ ప్యానెళ్లు బిగించడం నేర్పే సూర్యమిత్ర శిక్షణకి దరఖాస్తు పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఫిర్యాదు చేస్తున్నట్టే మొదలుపెట్టాడు గానీ గొంతులో మురిపెం దాగలేదు. ఆడపిల్ల మేడల మీదా రేకుల మీదా ఎక్కి పని చేయడమేంటన్నయ్యా అన్నాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేర్పించింది నువ్వే కదరా, వరండాలో కూర్చుని పని చేస్తుందనుకున్నావా అన్నాను. నవ్వేశాడు. వాడికి నచ్చజెప్పే పని నాది. కానీ నువ్వు వాడి మీద కేకలేశావట, అది మాత్రం బాగోలేదు. నువ్వే ముందు ఫోన్ చెయ్.

కోర్సు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 600 గంటలు, అంటే 3 నెలలు. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ 2015 నుంచి నడిపిస్తోంది. ఫీజు లేదు కాబట్టి సీటు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఫోన్ పెట్టేయ్. చివర్లో పరీక్ష, పాసైతే స్కిల్ కౌన్సిల్ ఫర్ గ్రీన్ జాబ్స్ సర్టిఫికెట్. నీకది కష్టం కాదు.

నాకు టెన్షన్ పెట్టింది నువ్వన్న ఇంకో మాట. ఆ సర్టిఫికెట్ చేతికొస్తే ఇక ఎవరి కిందా చేయక్కర్లేదు, సొంతంగా పెట్టుకోవచ్చు అన్నావట. ఎవరు చెప్పారమ్మా నీకు? ఆ కాగితం నీకు పని వచ్చని చెబుతుంది, అంతవరకే. కరెంటు పని చేసే హక్కు రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇవ్వాలి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు మార్చడం లాంటి చిల్లర పనులు వదిలేస్తే, లైసెన్సున్న కాంట్రాక్టరు తరఫున, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న వైర్‌మ్యానే వైరింగ్ పని ముట్టుకోవాలి. కేంద్ర విద్యుత్ అథారిటీ 2010 భద్రతా నిబంధనల్లో అదే ఉంది, వాటి స్థానంలో 2023లో వచ్చినవాటిలోనూ అదే ఉంది. సోలార్‌కి మినహాయింపేమీ లేదు. కాబట్టి ముందు వైర్‌మ్యాన్ పర్మిట్ తీసుకో. బోర్డు అడిగినంత అనుభవం వచ్చాక సూపర్‌వైజర్. కాంట్రాక్టు, డిస్కమ్‌లో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో వెండర్‌గా రిజిస్ట్రేషన్, ఇళ్ల మీద సోలార్ పెట్టించే పీఎం సూర్యఘర్ పథకం పనులు, ఇవన్నీ ఆ తర్వాతి మాట. ఆ పథకంలో ప్లాంటు పెట్టి వచ్చేస్తే సరిపోదు, 5 ఏళ్లు మెయింటెనెన్స్ కూడా వెండర్‌దే.

సూపర్‌వైజర్ సర్టిఫికెట్ వచ్చిన రోజు నుంచీ నీ దగ్గరికి మనుషులొస్తారు. చాలా మర్యాదగా వస్తారు. "మేడమ్, మీరు సైటుకి రానక్కర్లేదు, మా లైసెన్సు మీద మీ పేరుంటే చాలు, నెలనెలా ఇంత ఇస్తాం" అంటారు. ఇది రాయడానికే నేను ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నాతో పాటు పని చేసినవాడొకడు ఉండేవాడు. చెయ్యి అంత శుభ్రంగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ప్యానెల్ బోర్డు తలుపు తీస్తే వైర్లు దువ్వినట్టు ఉండేవి. కూతురి పెళ్లి దగ్గర పడింది, అప్పులున్నాయి. ఒక కాంట్రాక్టరుకి సర్టిఫికెట్ అద్దెకిచ్చాడు. మొదట్లో ప్రతి సైటుకీ వెళ్లి చూసేవాడు. తర్వాత ఫొటోలు చూసి సంతకం పెట్టేవాడు. ఆ తర్వాత పని పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ రిపోర్టుల ఖాళీ కట్ట ఇంటికే వచ్చేది, టీవీ చూస్తూ పెట్టేసేవాడు. తప్పురా అని చెప్పాను. "చేసేది మనవాళ్లేగా" అన్నాడు.

ఒక మేడ మీద సోలార్ కేబుల్ అంటుకుంది. పక్కనే ఉన్న సామాన్ల గది కాలిపోయింది. మనుషులకి ఏమీ కాలేదు, అది వాడి అదృష్టం. కారణం చాలా చిన్నది. ప్యానెల్‌కి కేబుల్ తగిలించే ఎంసీ4 కనెక్టర్ ఒక కంపెనీది, కుర్రాళ్లు కేబుల్‌కి చేతికి దొరికిన ఇంకో కంపెనీది పెట్టారు. టక్కుమని పట్టేసింది కాబట్టి సరిపోయిందనుకున్నారు. లోపల పిన్ను సరిగ్గా ఆనక రోజూ ఎండెక్కేసరికి వేడెక్కుతూ వచ్చింది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఫైలు తీశాడు. మూడు ఇళ్ల రిపోర్టుల్లో ఒకే ఎర్త్ రీడింగ్, వైరు ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ మీద ఒకే రీడింగ్, పాయింటు తర్వాతి అంకెతో సహా. కింద వీడి సంతకం. ఆయన కోప్పడలేదట. ఒక్కటే అడిగాడట: "ఆ ఇంటికి మేడ మెట్లు ఏ వైపున్నాయండీ?"

వీడి దగ్గర జవాబు లేదు.

సర్టిఫికెట్ సస్పెండ్ చేశారు. కాంట్రాక్టరు ఇంకెవరి పేరో తెచ్చుకుని పని సాగించాడు. మావాడు మాత్రం తాను పని నేర్పిన కుర్రాళ్ల కింద కూలికి వెళ్లాడు. ఆ చేతిపనికి అది న్యాయమా అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా ఇన్‌స్పెక్టర్‌ని తప్పుపట్టలేను. నువ్వు మెట్లెక్కి చూడని మేడకి సంతకం పెట్టకు. డబ్బు అంత అవసరమైతే నన్నడుగు, మొహమాటపడకు.

ఇంటి వైరింగ్ అలవాటైన చెయ్యి కదా నీది, ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు దగ్గర ఆ అలవాటే ప్రమాదం. ఇంట్లో ఉండే ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే వీలుంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. లోడు మీద కనెక్టర్ లాగితే ఆ నిప్పురవ్వ ఆర్క్‌గా సాగుతూనే ఉంటుంది. ముందు డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆపు, ప్యానెళ్ల లైను విడదీసే డీసీ ఐసొలేటర్ స్విచ్చు తియ్, క్లాంప్ మీటర్‌తో కరెంటు లేదని చూసుకో, అప్పుడు చెయ్యి పెట్టు. అప్పటికీ ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల వైపు వోల్టేజీ ఉంటుంది, దాన్ని ఆపే స్విచ్చు లేదు. కనెక్టర్ పిన్నుని వైరుకి నొక్కి బిగించాక, అంటే క్రింప్ చేశాక, ప్రతి పిన్నూ గట్టిగా లాగి చూడు, రాగి పోగు ఒక్కటైనా బయటికి కనిపిస్తే కోసేసి మళ్లీ చెయ్. కటింగ్ ప్లయర్‌తో నొక్కేవాళ్ల దగ్గర పని నేర్చుకోకు.

ఇంకో లెక్క, సిలబస్‌లో ఉంటుంది గానీ సైటులో అందరూ మరిచిపోతారు. ప్యానెల్ వెనక రాసిన వోల్టేజీ 25 డిగ్రీల దగ్గరిది. చలిలో అది పెరుగుతుంది. 49.5 వోల్టుల ప్యానెళ్లు 12 వరసగా కలిపితే 594, ఇన్వర్టర్ పరిమితి 600 అయితే సరిపోయినట్టే కనిపిస్తుంది. 10 డిగ్రీల చలి ఉదయం అదే వరస (స్ట్రింగ్) 4 శాతం దాకా పెరిగి 617 దాటుతుంది. ఇన్వర్టర్ పోతుంది, వారంటీ వాళ్లు చేతులెత్తేస్తారు. అక్కడ 11 దగ్గరే ఆగాలి.

పైనుంచి పడిపోకుండా కట్టుకునే హార్నెస్ విషయంలో నాతో వాదించకు. సైటులో ఉండేవి చాలావరకు మగవాళ్ల కొలతలకి సర్దినవి. వదులుగా ఉంటే వేసుకున్నా వేసుకోనట్టే. నీ కొలతకి నేను కొనిపెడతాను.

ఇంకొకటి, ఈ వారంలోనే చూసుకో. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. ఐటీఐ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో నాకు తెలియదు. మూడూ ఒకేలా లేకపోతే ముందు సూర్యమిత్ర దరఖాస్తు దగ్గర, తర్వాత పర్మిట్ దగ్గర తిప్పుతారు. మెమోలో ఉన్నట్టే ఆధార్ మార్పించు. మీసేవకి నాన్నని కూడా తీసుకెళ్లు, దారిలో మాట్లాడుకుంటారు.

పెదనాన్న