చిట్టికి, ఓడ ఎక్కే ముందు

చిట్టీ,

నువ్వూ మరిదిగారూ జూన్‌లో సియాటిల్ నుంచి అలాస్కా ఓడ ఎక్కుతున్నారని అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. నరసాపురం రేవులో పంటు కదలగానే నా ఓణీలో తల దూర్చి, సఖినేటిపల్లి గట్టు వచ్చేదాకా ఏడ్చినదానివి. ఇప్పుడు ఏడు రాత్రులు సముద్రం మీద ఉంటానంటున్నావు! మీ బావగారి ఫొటో దగ్గరికెళ్ళి ముందు ఆయనకి చెప్పాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

మందులు చేతిసంచిలోనే ఉంచుకో. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం దాటుతుంది. ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది కాబట్టి మన పాస్‌పోర్టుకి ఆ వీసా కూడా కావాలి, అమ్మాయిని ఇప్పుడే చూడమను. శాకాహారమని ముందే రాయించండి. రైస్ కుక్కర్ తీసుకెళ్ళకు, నిప్పు భయంతో లోపలికి రానివ్వరు. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కో. గుమ్మం దగ్గర చేతిలో వేసే జెల్ ఒక్కటే చాలదు, ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ దానికి సరిగా లొంగదు. అలాస్కాలో టైం సియాటిల్ కంటే గంట వెనక ఉంటుంది. ఊళ్ళో దిగినప్పుడు ఫోన్ చూసుకోకు, ఓడవాళ్ళు చెప్పిన టైమే చూసుకో.

ఇక అసలు సంగతి. ఇది పిల్లలకి కూడా పూర్తిగా చెప్పలేదు.

మేమిద్దరం అలాస్కా వెళ్ళినప్పుడు ఓడలో మాది కిటికీ లేని గది. ధర తక్కువని నేనే తీసుకోమన్నాను. లైటు ఆర్పితే కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడదు. రెండో రాత్రి మీ బావగారు బాత్రూం లైటు వేసి, తలుపు ఓరగా ఉంచమన్నారు. వెలుగు కళ్ళలో పడుతోందని విసుక్కుని ఆర్పేశాను. నిద్రమాత్ర వేసుకుని పడుకున్నాను.

రెండింటికి ఆయన లేచారట. బాత్రూం తలుపూ, బయటి తలుపూ పక్కపక్కనే. తడుముకుంటూ బయటి తలుపు తీసి అడుగు వేశారు. వెనకాల అది తనంతట తానే మూసుకుని తాళం పడింది. చేతిలో తలుపు తెరిచే కార్డు లేదు, కళ్ళజోడు లేదు. లుంగీ, బనీను. తలుపు తట్టారట, నాకు వినబడలేదు. ఒకవేళ ఇది మన గది కాదేమో, పరాయివాళ్ళని లేపుతున్నానేమో అనుకుని పక్కకి నడిచారు. ఈ చివర నుంచి ఆ చివరకి అన్నీ ఒకే రకం తలుపులు, ఒకే తివాచీ. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసిన మనిషి, గోడకున్న కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. రాత్రి డ్యూటీలో తుడిచే కుర్రాడెవరో చూసి, దుప్పటి కప్పి, కింద కౌంటరుకి తీసుకెళ్ళాడు. ఎక్కేటప్పుడు తీసిన ఫొటో చూసి గది నంబరు కనుక్కున్నారు.

తలుపు తీసేసరికి నాలుగవుతోంది. ఆయన వణుకుతున్నారు. "నీ నిద్ర పాడు చేశాను" అన్నారు. నేనేం చేశానో తెలుసా? భయంలో ఆయన్నే తిట్టాను, నన్ను లేపకుండా ఎందుకు వెళ్ళారని. ఆయన ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో రాత్రిపూట బాత్రూం లైటు ఆర్పలేదు. ఆయన పోయాక కూడా ఆర్పడం లేదు.

అందుకని చెబుతున్నాను, విను. ఆ లైటు వెలుగుతూనే ఉండాలి. నీకు నిద్ర పట్టకపోయినా సరే. మరిదిగారు శుక్లాల ఆపరేషన్ అయిన మనిషి. ఆయన కార్డు తాడుకి కట్టి రాత్రి కూడా మెడలోనే ఉంచు. ఇద్దరూ ఒకే రాత్రి నిద్రమాత్ర వేసుకోవద్దు. ఓడ బాత్రూంకి గడప ఎత్తుగా ఉంటుంది, మొదటి రోజే ఆయన చేత నాలుగుసార్లు దాటించు. మొదటి రాత్రి ఓడ వాంకూవర్ దీవికి పడమటగా బయటి సముద్రంలో పోయేటప్పుడు ఊగుతుంది. అప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి.

భయపెడుతున్నానా? వద్దులే, వెళ్ళిరా తల్లీ. జూన్‌లో అక్కడ రాత్రి పదింటికి గానీ పొద్దు గుంకదు. మీ ఓడ మంచునదులు సముద్రంలోకి దిగే గ్లేసియర్ బేలోకి వెళ్తుందట. అక్కడి పార్కు రేంజర్లు ఓడ ఎక్కి అన్నీ విడమరిచి చెబుతారు. ఆ రోజు పొద్దున్నే మంకీ క్యాపు పెట్టుకుని డెక్ మీదికి పో. మంచు గోడ విరిగిపడడం ముందు కనబడుతుంది, చప్పుడు కాసేపటికి వస్తుంది. "వరదలో గోదావరి గట్టు కోసుకుపోయి పడ్డట్టు లేదూ?" అన్నారు మీ బావగారు. నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. రాత్రి జరిగిన దాని గురించి అప్పుడూ ఏమీ అనలేదు.

ఆ రోజే మా తలుపు పిడికి నా ఎర్ర రవికెముక్క కట్టాను, గుర్తుగా. గది సర్దే అబ్బాయి చివరిదాకా దాన్ని విప్పలేదు. దాచి ఉంచాను, అమ్మాయి వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. మీరూ కట్టుకోండి.

గది నంబరు తెలిసిన రోజున నాకు వాట్సాప్ చెయ్యి. ఇక్కడ కూర్చుని నేను చెయ్యగలిగిందేమీ లేదు. అయినా నాకు తెలిసి ఉండాలి.

మీ అక్క