ముందు వాళ్ల మాట పూర్తిగా విను

అమ్మా,

నువ్వు పంపిన వ్యంగ్య రచనలన్నీ చదివాను. నీ కోపం నిజమైనది. నీ వాక్యంలో వేగం ఉంది. అందుకే లోపం కూడా దాచకుండా చెబుతున్నాను. నీ రచనల్లో అమెరికా సంప్రదాయవాద టీవీ చానల్ ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాతకు పెద్ద గొంతు ఉంది, ఎర్రబడ్డ మొహం ఉంది, అజ్ఞానం ఉంది. కానీ అతను ఎవరో తెలియడం లేదు. ఆ పేరు తీసేసి మరో వ్యాఖ్యాత పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చనక్కర లేదు. నువ్వు రాసిన రిపబ్లికన్ నాయకుడి సంగతీ అంతే. వాళ్లు ఏమన్నారో, ఎవరిని నమ్మించడానికి అన్నారో నువ్వు కూర్చుని వినలేదు. వాళ్ల మీద ఇతరులు చేసిన ఎగతాళి విని రాశావు.

మనకు గిట్టనివాళ్ల మాటను వాళ్ల అభిమానుల కంటే శ్రద్ధగా వినడమే ఈ రచనకు మొదటి పని. నా మటుకు నాకు అదే చివరి పని కూడా.

2008 ఎన్నికల నాటి సంగతి చూడు. రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్‌ను టీవీ హాస్య కార్యక్రమంలో టీనా ఫే అనుకరించింది. మా ఇంటి నుంచి చూస్తే రష్యా కనిపిస్తుందనే మాట ఆ అనుకరణలోదే. పేలిన్ నిజంగా చెప్పింది వేరు. అలాస్కాలోని ఒక దీవి నుంచి రష్యా భూభాగం కనిపిస్తుందని ఆమె అంది, భౌగోళికంగా అది నిజం కూడా. అయినా ఈనాటికీ చాలామంది మొదటి మాట ఆమె నోటి నుంచే వచ్చిందనుకుంటారు. దానివల్ల ఆమె పక్షానికి న్యాయమైన ఫిర్యాదు ఒకటి దొరికింది. ఆ ఏడాది సెప్టెంబరు నెలాఖరులో టీనా ఫే మరో పని చేసింది. టీవీ విలేఖరి కేటీ కూరిక్ ఇంటర్వ్యూలో బ్యాంకులకు ప్రభుత్వ సాయం గురించి అడిగినప్పుడు పేలిన్ ఇచ్చిన తడబాటు జవాబును దాదాపు ఉన్నదున్నట్టు వేదిక మీద పలికింది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. మొదటిది ఎక్కువ నవ్వించి ఉండవచ్చు. రెండోదే గొప్పదని నా తీర్పు.

ఇక వ్యాఖ్యాతలు. వాళ్లను మూర్ఖులుగా చూపించడం మానెయ్యి. వాళ్లు తమ వృత్తిలో నిపుణులు. వివాదాస్పద విషయాల్లో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలని ప్రసార సంస్థలను కోరే నిబంధనను అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ 1987లో రద్దు చేసింది. మరుసటి ఏడాదే సంప్రదాయవాద వ్యాఖ్యాత రష్ లింబా రేడియో కార్యక్రమం దేశమంతటా వినిపించడం మొదలైంది. రోజుకు మూడు గంటలు. ట్రక్కు నడుపుతూనో దుకాణంలో ఒంటరిగా కూర్చునో వినే మనిషికి అతను తోడయ్యాడు. 1996లో మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ ఫాక్స్ న్యూస్ పెట్టి దాన్ని రోజర్ ఐల్స్ చేతిలో పెట్టాడు. ఐల్స్ 1968లోనే నిక్సన్‌కు టీవీ సలహాదారుగా పనిచేసినవాడు. ఈ వృత్తికి ఒక పనితనం ఉంది. ఆరోపణను ప్రశ్నగా మార్చి తెర కింద వేస్తారు. అవతలి పక్షం నుంచి వాదనలో బలహీనుణ్ణి పిలిచి కూర్చోబెడతారు. నేను అడుగుతున్నాను అంతే, అని తప్పుకుంటారు. ఆ గొంతు కాదు, ఈ పనితనం నీ రచనలోకి రావాలి.

హాస్యనటుడు స్టీఫెన్ కొల్‌బేర్ 2005 నుంచి 2014 దాకా తన టీవీ కార్యక్రమంలో చేసింది ఇదే. ఫాక్స్‌లో వ్యాఖ్యాత బిల్ ఓరైలీ కూర్చునే తీరు, వేలు చూపే తీరు, తెర పక్కన మాటలు పడే పద్ధతి, తన మీద తనకున్న అపారమైన నమ్మకం, అన్నీ తీసుకుని తన సొంత పేరుతోనే ఒక పాత్రను కట్టాడు. 2006 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ విలేఖరుల విందులో అధ్యక్షుడు బుష్ కొద్ది అడుగుల దూరంలో ఉండగా ఆ పాత్రతోనే మాట్లాడాడు. ఈయన స్థిరమైన మనిషి, సోమవారం నమ్మినదాన్నే బుధవారమూ నమ్ముతాడు, మంగళవారం ఏం జరిగినా సరే అని పొగిడాడు. హాలులో నవ్వు తక్కువే. ఆ వాక్యాన్ని నెమ్మదిగా విప్పి చూడు. అందులో తిట్టు లేదు. బుష్ అభిమానులు రోజూ చెప్పే పొగడ్తే ఉంది, స్థిరచిత్తుడని. దాన్ని ఒక్క అడుగు ముందుకు నడిపించాడు, అంతే. ఇరాక్ యుద్ధం అప్పటికి మూడేళ్లు దాటింది. ఆ మంగళవారంలో ఏముందో విన్న ప్రతివాళ్లకూ తెలుసు.

నీ ప్రతి రచనలో అలాంటి మంగళవారం ఒకటి ఉండాలి. పాత్ర ఎంత వాగినా కొట్టిపారేయలేని నిజం ఒకటి. అది లేకపోతే ఏమవుతుందో చెబుతాను. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొల్‌బేర్ వీడియో ఉదారవాదులకూ సంప్రదాయవాదులకూ సమానంగానే హాస్యంగా అనిపించింది. అయితే ఉదారవాదుల కంటే సంప్రదాయవాదులే ఎక్కువగా, అతను హాస్యమాడుతున్నట్టు నటిస్తున్నాడు గానీ అన్నది నిజంగా నమ్మే అన్నాడని అనుకున్నారు. అంత దిట్టమైన చేతిలోనే పాత్ర అలా జారిపోయింది. కొత్తగా రాస్తున్నదానివి, ఆ పాత్ర గొంతుతో రాసేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకో.

అతని పనిలో నాకు అన్నిటికంటే విలువైనది మరొకటి. ఎన్నికల్లో సంస్థలు స్వతంత్రంగా చేసే ఖర్చుకు పరిమితి ఉండకూడదని సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. 2011లో కొల్‌బేర్ నిజంగానే ఫెడరల్ ఎన్నికల సంఘం ముందుకు వెళ్లి, అనుమతి తెచ్చుకుని, సూపర్ ప్యాక్ ఒకటి, అంటే ఎన్నికల్లో పరిమితి లేకుండా విరాళాలు తీసుకుని ఖర్చుపెట్టగల సంస్థ, పెట్టాడు. పది లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. దాతల పేర్లు ఎలా దాచవచ్చో, అభ్యర్థికీ సూపర్ ప్యాక్‌కూ సంబంధం లేదని కాగితం మీద ఎలా చూపవచ్చో వారం వారం ప్రేక్షకులకు విప్పి చెప్పించాడు. చెప్పిన న్యాయవాది ట్రెవర్ పాటర్, ఆ ఎన్నికల సంఘానికే ఒకప్పటి అధ్యక్షుడు, రిపబ్లికన్ నేత జాన్ మెకెయిన్ ప్రచారానికి పనిచేసినవాడు. చట్టంలో ఉన్నది ఉన్నట్టు చదివితే చాలింది. అతిశయోక్తి అవసరం రాలేదు.

ఇప్పటి కాలానికి ఈ పద్ధతే ఎక్కువ పనికొస్తుంది. 2020లో ఫాక్స్ వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్ మాటల మీద పడిన పరువునష్టం దావాలో ఫాక్స్ న్యాయవాదులు, అతని మాటలను ప్రేక్షకులు అక్షరాలా వాస్తవాలుగా తీసుకోరని వాదించారు. న్యాయమూర్తి ఒప్పుకుని దావా కొట్టేశారు. 2023లో డొమినియన్ ఓటింగ్ యంత్రాల కంపెనీకి ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. 2020 ఎన్నికల్లో మోసం జరిగిందన్న ప్రచారాన్ని వ్యాఖ్యాతలే తమలో తాము కొట్టిపారేసుకున్న సందేశాలు ఆ కేసులో బయటపడ్డాయి. తెర మీద అన్నది ఒక పక్క, ఫోనులో రాసుకున్నది మరో పక్క. ఇక నువ్వు కల్పించవలసింది ఏముంది?

నీ స్ప్రింగ్‌ఫీల్డ్ రచన సంగతికి వస్తున్నాను. 2024 సెప్టెంబరు 10న అధ్యక్ష అభ్యర్థుల చర్చలో ట్రంప్, ఒహాయోలోని ఆ పట్టణంలో వలస వచ్చినవాళ్లు కుక్కలను తింటున్నారని అన్నాడు. నువ్వు ఆ మాట చుట్టూ ఒక భోజనాల సన్నివేశం అల్లావు. చదివితే నవ్వు వస్తుంది. ఆ నవ్వు ఎవరి మీద పడిందో చూశావా? హైతీ నుంచి వచ్చి అక్కడ కార్మికులుగా బతుకుతున్న కుటుంబాల మీద. నమ్మదగిన ఫిర్యాదు ఒక్కటీ లేదని పట్టణ అధికారులు చెప్పారు. తర్వాతి రోజుల్లో బాంబు బెదిరింపులతో బడులు ఖాళీ చేయించారు. ఆ పట్టణంలోనే పుట్టిన రిపబ్లికన్ గవర్నరు మైక్ డివైన్ అది అబద్ధమన్నాడు, బడులకు రాష్ట్ర పోలీసులను పంపాడు. నీ రచనలో బడి లేదు, గవర్నరు లేడు. ఆ అబద్ధాన్ని ఇంకాస్త రుచిగా వండి నువ్వూ ఊరేగించావు. నాకు బాధ కలిగింది.

అదే వారాంతంలో రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ సీఎన్ఎన్ ఇంటర్వ్యూలో, అమెరికన్ ప్రజల కష్టాలను మీడియా పట్టించుకోవాలంటే కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానని అన్నాడు. నువ్వు రాయవలసింది దాని మీద. అయితే ఆ వెంటనే, కథ సృష్టించడమంటే మీడియా దృష్టిని అటు మళ్లించడమని వివరణ ఇచ్చాడు. ఆ వివరణ కూడా పెట్టు. అది పెడితే రచన మెత్తబడదు, గట్టిపడుతుంది. దృష్టి మళ్లింది నిజమే. మళ్లాక ఆ బడుల్లో ఏం జరిగిందో పాఠకులే చూస్తారు.

వాన్స్ గురించే ఇంకో మాట. ఆయన భార్య ఉష పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోని వడ్లూరు. ఆయన అభ్యర్థి కాగానే మన పత్రికలు ఆంధ్రా అల్లుడని మురిసిపోయాయి. ఆ మురిపెంతో నీ కలం మొద్దుబారకూడదు. ఆయన మీది కోపంలో ఆమె పేరు, మతం, పెళ్లి నీ రచనలో నవ్వులాట కాకూడదు. అధికారంలో ఉన్నవాళ్లు చేసిన పని, అన్న మాట, ఇవి చాలు. అలాగే సాయంత్రం ఫాక్స్ పెట్టుకుని కూర్చునే మీ బాబాయిలాంటివాళ్లనూ వదిలెయ్యి. పన్నుల గురించో, పిల్లల కాలేజీ సీట్ల గురించో ఆయనకు నిజమైన బెంగ ఉంది. ఆ బెంగను వాడుకుంటున్నవాళ్లు వేరు.

చట్టం గురించి అడిగావు. మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్ తనపై వచ్చిన నీచమైన పేరడీ మీద వేసిన దావాను సుప్రీంకోర్టు 1988లో ఏకగ్రీవంగా తిరస్కరించింది. తీర్పు రాసింది సంప్రదాయవాదిగా పేరున్న ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్. ఆ రక్షణ ఇంకా ఉంది. కాని 2025 జూలైలో సీబీఎస్ టీవీ సంస్థ, కొల్‌బేర్ ఆ తర్వాత చేపట్టిన రాత్రి కార్యక్రమాన్ని ముగిస్తున్నట్టు ప్రకటించింది. కారణం కేవలం ఆర్థికమని చెప్పింది. మాతృసంస్థ ట్రంప్‌తో కుదుర్చుకున్న 1.6 కోట్ల డాలర్ల రాజీని అతను లంచమని విమర్శించి అప్పటికి కొద్ది రోజులే. రెండు సంగతులూ రాయి, మధ్య సంబంధం నీకు నువ్వుగా తేల్చకు. నువ్వు వీసా మీద ఉన్నావు గనుక సొంత పేరుతో అచ్చువేసే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి కలువు. కలం పేరు పెట్టుకుంటే నామోషీ ఏమీ లేదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ రచనను మొదటి నుంచి మళ్లీ రాయి. భోజనాల సన్నివేశం పూర్తిగా తీసెయ్యి. వాన్స్ సీఎన్ఎన్ ఇంటర్వ్యూ మొత్తం విను, ఆయన ఆగిన చోట్లు కూడా రాసుకో. రచనతో పాటు ఆ పూర్తి పాఠం కూడా పంపు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

నీ శ్రేయోభిలాషి