వేటకి లావు బారెల్ అక్కర్లేదు

ప్రశ్న: ఈ నవంబరులో టెక్సస్‌లో మొదటిసారి జింకల వేటకి వెళ్తున్నాను. .308 (తూటా రకం) రైఫిల్ కొందామని షాపుకెళ్తే, 24 అంగుళాల లావు బారెల్ తీసుకోండి, 100 గజాల్లో అర అంగుళం గ్రూప్ (కాల్చిన గుళ్ల చిల్లులు ఎంత మేర పరుచుకున్నాయో ఆ కొలత) పడుతుంది అంటున్నారు. సన్న బారెల్‌తో గురి కుదరదా? కార్బన్ చుట్టిన బారెల్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?
– ఆర్., ఫ్రిస్కో

జవాబు: అర అంగుళం అని ఎవరన్నా అంటే, ఎన్ని గుళ్లతో అని అడగండి. 3 గుళ్లు కలిసొచ్చి ఒకే చిల్లులో పడిపోవచ్చు, అదే రైఫిల్‌తో 10 కాల్చండి, గ్రూప్ ఒకటిన్నర రెట్లు అవడం మామూలే. షాపు గోడకి అంటించే కాగితాల మీద ఎప్పుడూ మూడు చిల్లులే కనిపిస్తాయి, చిత్రం!

అసలు మీకు ఎంత గురి కావాలి? వైట్‌టెయిల్ జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. గురిని ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణంతో కొలుస్తారు, ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 200 దగ్గర దానికి రెట్టింపు. ఒకటిన్నర ఎంఓఏ రైఫిల్, అదేమీ ఖరీదైనది కాదు, 200 గజాల్లో 3 అంగుళాల పైచిలుకు గ్రూప్ పెడుతుంది, అంటే మధ్య నుంచి ఎటు పోయినా ఒకటిన్నర అంగుళం. మీకున్న చోటేమో ఎటు చూసినా నాలుగు. మిగతా రెండున్నరా తినేసేది చేతి వణుకు, ఆయాసం, జింకని చూసిన టెన్షన్, వీటిని ఏ బారెలూ తగ్గించదు. బెంచ్ మీద ఇసుక సంచి పెట్టుకుని కాల్చడం మానేసి, మోకాలి మీద కూర్చుని, కర్రల ఆసరాతో ఎంత దూరం వరకు ఆ 8 అంగుళాల్లో ప్రతిసారీ వేయగలరో చూడండి, అదే మీ దూరం.

లావు బారెల్ వల్ల లాభం లేదనను. వరసగా కాలుస్తుంటే నిదానంగా వేడెక్కుతుంది, గ్రూప్ అటూ ఇటూ జరగదు, టార్గెట్ పోటీలకి అదే సరైనది. వేటలో మాత్రం లెక్కలోకొచ్చేది చల్లటి బారెల్ నుంచి వచ్చే మొదటి గుండు ఒక్కటే, మహా అయితే ఇంకొకటి. దానికోసం రెండు మూడు పౌన్లు అదనంగా భుజాన మోయడం ఎందుకండీ? ఇంకొకటి, నూనె రాసి శుభ్రంగా తుడిచిన బారెల్ మొదటి గుండుని కాస్త పక్కకి వేయొచ్చు. అందుకే సీజన్ ముందు షూటింగ్ రేంజ్‌లో కొన్ని కాల్చి, అదే స్థితిలో తీసుకెళ్లండి.

పొడవు సంగతి: .308లో అంగుళం తగ్గితే వేగం సెకనుకి పాతిక అడుగుల దాకా పోతుంది. 24 బదులు 20 తీసుకుంటే 200 గజాల్లో గుండు దిగే తేడా అంగుళం కూడా ఉండదు. పొడవుకీ గురికీ సంబంధం లేదు, సైలెన్సర్ బిగించే ఆలోచన ఉంటే పొట్టిదే సుఖం. కార్బన్ బారెల్ తేలిక కోసం, కొండలెక్కే వేటైతే ఆలోచించవచ్చు, చెట్టు పక్క మంచె మీద కూర్చునేవాళ్లకి దండగ. ఆ డబ్బుతో మంచి స్కోప్ కొనండి, మూడు నాలుగు రకాల తూటాల పెట్టెలు తెచ్చి మీ రైఫిల్‌కి ఏది నచ్చుతుందో చూడండి. బాగోలేదని పక్కన పెట్టేసిన బారెళ్లు తూటా మార్చగానే దారికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాను. ఫ్రెండ్ రైఫిల్‌తో ప్రాక్టీస్ చేయొచ్చా?
– పేరు వద్దన్నారు, ఆస్టిన్

జవాబు: లైసెన్స్ లేకుండా వద్దు. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. టెక్సస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి. అక్కడి లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగిసిపోతుంది, తేదీ చూసుకుని రేంజ్‌కి వెళ్లండి.